క్లోన్ స్టాంప్

"ఈసారి వేరేగా ఉండాలి" అంటాడు ఇందీవర్.
పోయినేడూ ఈ మాటే అన్నాడు,
ఇదే కుర్చీలో, ఇదే నల్ల లాల్చీలో,
చక్కెర లేని కాఫీని ఇలాగే చల్లార్చుకుంటూ.
వెనక గోడ నిండా తొమ్మిదేళ్ళ ముఖచిత్రాలు.
తలుపు దగ్గర నిలబడి చూస్తే
రేషన్ షాపు ముందు లైను,
లైనంతా ఒక్కతే మనిషి.

వేరేగా అంటే నాకు తెలుసు.
కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏదో ఒక కమాను,
ఎడమ భుజం మనవైపు,
చూపు మనల్ని దాటి ఎటో.
పెళ్ళిళ్ళ సంచికకి ముత్యాలు.
వానల సంచికకి ట్యాంకరు తెప్పించి కురిపించే వాన
(బయట పడేదాని రంగు నప్పదు).
వేసవికి తెల్ల నూలు, కోసిన మామిడికాయ ఒకటి.
దాన్నెవరూ తినరు.
అందరూ వెళ్ళాక ఇస్త్రీ ఖాజా భాయ్
జేబులోంచి ఉప్పూకారం పొట్లం తీస్తాడు.

నా పని చెరపడం.
చెక్‌పోస్ట్ దగ్గర మూడో అంతస్తు,
కిటికీ లేని గది, రెండు తెరలు, ఒక పెన్ను.
ఆల్వీనా ఎడమ భుజం మీద టీకా మచ్చ, అటుకంత.
పక్కనున్న నున్నటి చర్మాన్ని కొంచెం ఎత్తి
దానిమీద పెడితే పోతుంది.
ఆమె తర్వాత వచ్చిన తన్వంగికీ అక్కడే,
ఆ తర్వాతి ఇద్దరికీ అక్కడే.
సర్కారు సూది కదా, చోటు మార్చదు.
నూట ఎనిమిది సంచికలు.
పక్క సీటు శ్రీవాణి అష్టోత్తరం అంటుంది,
మా అమ్మ జపమాల అంటుంది,
నేను జీతం అంటాను.

ఫిబ్రవరిలో మా చిన్నోడికి జ్వరం.
రెండు రాత్రులు తడిగుడ్డ మార్చిన చెయ్యి
ముప్పై నాలుగో పేజీలో ఒక్క భుజం మర్చిపోయింది.
అచ్చయి వచ్చేసింది.
తిట్ల కోసం నిలబడ్డాను.
ఇందీవర్ కళ్ళజోడు నొసటి మీదికి తోసి
చాలాసేపు చూశాడు.
"ఇదీ!" అన్నాడు. "దీనికోసమే కదా ఇన్నేళ్ళూ!"

ఏప్రిల్ సంచిక పేరు 'మచ్చ'.
కొత్త పిల్లల్లో సగం మందికి అది లేనే లేదు.
మేకప్ సబీహా మైనం కరిగించి అంటించింది,
లైట్ల వేడికి మోచేతి దాకా జారింది.
"సువర్తా, నువ్వే పెట్టెయ్."
పాత ఫైల్లోంచి ఆల్వీనా మచ్చని ఎత్తి
ఎనిమిది భుజాల మీద దింపాను,
అదే అటుకు, అదే ఒంపు.
ఆ పొరకి తొమ్మిదేళ్ళ కింద నేను పెట్టిన పేరు
'తీసేయాలి'.
మార్చడానికి తీరిక దొరకలేదు.

మేలో పట్టుచీరల వాళ్ళు మచ్చ అడిగారు,
జూన్‌లో ముత్యాల వాళ్ళు.
ఒక వాచీ కంపెనీ
కుడిచేతికి కావాలంది.

టోలీచౌకి నుంచి ఆల్వీనా ఫోను.
లైనింగు బట్టల కొట్టు నడుపుతోందట.
"అక్కా, ఆ చేతులన్నీ నావేనా?"
నవ్విందో లేదో,
వెనక కుట్టుమిషన్ల మోతలో తెలియలేదు.

ఆగస్టు. గోడ మీద మళ్ళీ లైను.
ఇందీవర్ కాఫీ కప్పు తిప్పుతూ
"ఈసారి..." అని ఆగాడు.
మిగతా సగం నేను మనసులో పూర్తిచేసి
బ్యాగు తగిలించుకున్నాను.

అమీర్‌పేటలో మారి, మూసాపేట బండి.
ఆడవాళ్ళ పెట్టెలో ఊపిరాడదు.
పైన పట్టీలకి వేలాడే చేతులు,
జాకెట్టు అంచులు ఒక్కొక్కటే పైకి జరుగుతూ.
ఒకామెది అరిగిపోయిన పావలా.
ఒకామెది పాలు పొంగి ఎండిన గిన్నె అంచు.
ఒక పిల్లది ఇంకా గులాబిరంగులో, గోకిన గుర్తుతో.
ఒకామెకి రెండు,
మొదటిది పట్టలేదేమో.
పెన్ను పట్టే వేళ్ళు ఊరికే కదిలాయి.
ఒక్కటీ నా ఫైల్లోది కాదు.

రోజూ చెప్పే గొంతే చెబుతోంది,
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయని.